త్రాసుకోటలో నీళ్ళబండి

గరళగిరి కొమ్మున ధూమ్రజటి మాంత్రికుడి దుర్గం ఉంది. నల్లరాతి గోడలు, గోడల మీద బారులు తీరిన ఇత్తడి పులితలలు, ఒక్కొక్క పులి నోట్లోంచి సన్నటి జడలా పైకి లేచే నీలిపొగ. ఏడు బురుజుల నడుమ పచ్చలు పొదిగిన గోపురం ఎండ తగిలితే నెమలి మెడలా తళతళలాడేది. అయినా కొండెక్కి వచ్చినవాళ్ళ చూపు వీటి మీద నిలిచేది కాదు. సింహద్వారం లోపల నిలబెట్టిన త్రాసు మీదే నిలిచేది. తాటిచెట్టంత ఇనప స్తంభం. దాని మీద ఓడ దూలమంత దండె. దండెకు రెండువైపులా పదిమంది పడుకోగలిగినంత రాగి పళ్ళేలు. ద్వారపు గడియను ఆ దండెకు గొలుసుతో కలిపారు. దండె సమంగా నిలిస్తే గడియ దానంతటదే లేస్తుంది. బెత్తెడు అటు ఒరిగినా ఇటు ఒరిగినా వంద ఏనుగులు లాగినా లేవదు. అందుకే జనం దాన్ని త్రాసుకోట అన్నారు.

దీనికంతటికీ మూలం ఒక జోస్యం. ధూమ్రజటి దగ్గర మాట్లాడే కంచు శిరస్సు ఒకటి ఉండేది. “నీకు తెలియకుండా ఒక్క మనిషి బరువు ఈ కోట దాటిపోయి, తొమ్మిది రోజులు తిరిగి రాకపోతే నీ మంత్రాలన్నీ బూడిదే” అని అది ఒకనాడు చెప్పింది. ఆ రోజు నుంచి లోపలికి వచ్చిన ప్రతి మనిషినీ, ప్రతి బండినీ తూచి, ఆ బరువుకు సరిపడే రాళ్ళు వేరుగా పెట్టించేవాడు. బయటికి పోయేటప్పుడు ఒక పళ్ళెంలో వాళ్ళు, రెండో పళ్ళెంలో వాళ్ళ రాళ్ళు.

ఆ త్రాసు మీదుగా ఆరు రోజులుగా ఒక నీళ్ళబండి వచ్చిపోతోంది. ముందు నిలబడి లాగేది మాచక్క. వెనక నుంచి తోసేది ఆమె మూగ తమ్ముడు. నిజానికి అతను తమ్ముడూ కాడు, మూగవాడూ కాడు. హరితావతి యువరాజు కీర్తిధ్వజుడు. నోరు తెరిస్తే ‘మేము విన్నవించునది ఏమనగా’ లాంటి మాటలు తప్ప రావు గనక, మాచక్క మొదటిరోజే అతని నోటికి తాళం వేసింది.

మాచక్క హరితావతిలో బండ్లు చేసే మనిషి. ముప్పై ఏళ్ళు దాటి ఉండవు. ఎద్దుల బండ్లు చాలామంది చేస్తారు. మనిషి చేత్తో లాగే బండ్లలో మాత్రం ఆమెకు సాటి లేరు. ఏ పనికి ఆ బండి అన్నది ఆమె పద్ధతి. కుండలు ఉయ్యాలలో ఊగుతూ ఒక్కటీ పగలకుండా సంతకు చేరే బండి కుమ్మరివాళ్ళకి చేసింది. అడుగు వెడల్పు గట్టు మీద నడిచే ఒంటిచక్రం బండి రైతులకి చేసింది. నడుం విరిగినవాణ్ణి కుదుపు తెలియకుండా వైద్యుడి ఇంటికి చేర్చే తోలుపట్టీల బండి ఆమెదే. అద్దకంవాళ్ళ తడిబట్టలు దారిలోనే ఆరిపోయేలా పైన దండేలు కట్టిన బండీ ఆమెదే.

ఏడాది కిందట ధూమ్రజటి హరితావతి మహారాణి పృథులాదేవిని ఎత్తుకుపోయి తన నల్లసంపెంగల తోటలో బంధించాడు. సంకెళ్ళు వెయ్యలేదు. తలుపులు పెట్టలేదు. “పాదం మోపి ఈ తోట గట్టు దాటావా, ఆ పాదం చెట్టువేరై నేలలో దిగుతుంది” అని మంత్రం వేసి ఊరుకున్నాడు. ఇప్పుడు కొత్తగా కబురు పంపాడు. వచ్చే ఏకాదశినాడు పొద్దు గుంకేలోపు హరితావతి కిరీటం తెచ్చి తన కాళ్ళ ముందు పెట్టాలి. లేకపోతే మహారాణి కూడా ఆ తోటలో ఒక సంపెంగ చెట్టవుతుంది.

కబురు విని సేనాపతులు కత్తులు దూశారు. మంత్రులు తలలు పట్టుకున్నారు. సభామండపం తలుపులకు చక్రాలు బిగించడానికి వచ్చిన మాచక్క మాత్రం ఒక్క ప్రశ్న అడిగింది.

“పాదం మోపి అన్నాడా? చక్రం మోపి అనలేదుగా?”

కీర్తిధ్వజుడు ఆ సాయంత్రమే రాజవస్త్రాలు విప్పి గోచీ పెట్టాడు.

ఆ నల్లసంపెంగల గాలి సోకితే ఎద్దులూ గుర్రాలూ కూలిపోతాయి. అందుకని తోటకు నీళ్ళు మనుషులే మొయ్యాలి. నలభై మంది కావళ్ళతో రోజంతా మోస్తే సగం మొక్కలు తడిసేవి. మాచక్క తెచ్చిన బండి చూసి కోటవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. నడుమ పెద్ద చెక్కతొట్టి. తొట్టి వెనక సన్నటి బెజ్జాల గొట్టం. పిడి తిప్పితే వాన కురిసినట్టు నీళ్ళు చిమ్ముతాయి. రెండువైపులా మనిషి గుండె ఎత్తున పలకచక్రాలు. వాటికి లోపలివైపు, తొట్టి కింద, మారేడు దళంలా మూడేసి చిన్న చక్రాలు గుత్తిగా బిగించి ఉన్నాయి. అవెందుకని ఎవరైనా అడిగితే “అందానికి” అని నవ్వేది మాచక్క.

ఆ బండిలో పైకి కనపడనివి రెండున్నాయి. ఒకటి, తొట్టికి అడుగు కింద మరో అడుగు. మనిషి ముడుచుకుని పడుకుంటే సరిపోయేంత చోటు. రెండోది, ఆ పలకచక్రాలు డొల్ల. వాటి నిండా ఇసుక. సరిగ్గా ఏడు మణుగుల ఇసుక. మహారాణి బరువు ఏడు మణుగులని యువరాజు చెప్పాడు. మొదటిరోజు తూకంలో ఆ ఇసుక బరువు కూడా బండి బరువులో కలిసిపోయింది. ఇక చెయ్యాల్సిందల్లా ఇసుక వదిలేసి మహారాణిని ఎక్కించుకోవడమే.

ఏకాదశి వచ్చింది. పొద్దు నడినెత్తికి వచ్చేవేళ నీళ్ళబండి తోటలోకి దిగింది.

వెండిరంగు ఆకులు, కాటుక లాంటి పూలు. తేనెటీగ ఒక్కటీ లేదు. పూల వాసన మాత్రం పాకం పట్టిన బెల్లంలా గొంతుకు అడ్డుపడుతోంది. నడుమ చంద్రకాంత శిలల మంటపంలో మహారాణి పృథులాదేవి కూర్చుని ఉంది. ఆమె ఎదుట రాతిపీట మీద కంచు శిరస్సు. బుర్రమీసాలు, పెద్ద చెవులు, మూసుకున్న కళ్ళు. మూడో రోజునే ఆమె కొడుకుని గుర్తుపట్టింది. గుర్తుపట్టనట్టు ఉండటానికి పడ్డ అవస్థ ఆమెకే తెలుసు.

“ఇవాళేనా?” అంది పెదవులు కదపకుండా.

“ఇప్పుడే, అమ్మగారూ” అంది మాచక్క. “ఆ మాంత్రికుడు హోమగుండం ముందు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. గోడ మీద కావలివాడు ఇటు తిరిగి వచ్చేసరికి మనం గట్టు దాటాలి.”

తొట్టిలో నీళ్ళన్నీ మొక్కల నడుమ తవ్విన కాలవలోకి వదిలేసింది. చక్రాల బిరడాలు పీకింది. ఇసుక జరజరమంటూ ఆ పారే నీళ్ళలో పడి కొట్టుకుపోయింది. పక్కపలక జారగానే మహారాణి చీర కుచ్చిళ్ళు దోపుకుని, చిన్నపిల్లలా చురుగ్గా లోపలికి దూరి పడుకుంది. కీర్తిధ్వజుడు పలక మూశాడు.

మాచక్క పట్టుకర్రలు రెండు చేతులా పైకి లేపి చూసి, అలాగే ఆగిపోయింది. బండి బరువు చేతులతో చెప్పగల మనిషి ఆమె.

“ఇందులో ఏడు మణుగులు లేవు” అంది. “ఐదే.”

“మా అమ్మ బరువు నాకు తెలియదా? తులాభారం నాడు నేనే స్వయంగా...”

“అది ఎప్పుడురా?” అని పలక వెనక నుంచి మహారాణి గొంతు వినపడింది. “ఏడాదిగా వీడు పోసే గంజి తాగుతున్నాను. ఏడు మణుగులు ఎక్కణ్ణుంచి వస్తాయి?”

యువరాజు ముఖం పాలిపోయింది. రెండు మణుగులు తక్కువైతే దండె ఒరుగుతుంది. గడియ లేవదు. “తొట్టిలో కొంచెం నీళ్ళు ఉంచేద్దామా?” అన్నాడు.

“ద్వారం దగ్గర ఆ భద్రకుంభుడు తొట్టిలో కర్ర పెట్టి చూస్తాడు. చక్రాల్లో నీళ్ళు పోద్దామంటే కారిపోతాయి. ఇసుకకి బిగువైన కొయ్య నీళ్ళకి బిగువు కాదు. మట్టి ఎత్తుదామంటే తడిసి ముద్దయింది, ఈ బెజ్జంలో దూరదు.” మాచక్క చుట్టూ చూసింది. కంగారు లేదు, వెతుకులాట ఉంది. “అమ్మగారూ, ఈ తోటలో రెండు మణుగుల వస్తువు ఏముంది?”

“నా ఎదురుగా ఏడాది నుంచి కూర్చుని నా ప్రాణం తోడేస్తున్న తలకాయ ఉందిగా!” అంది మహారాణి. “రెండు మణుగులకి వీసమెత్తు తక్కువుండదు. మధ్యాహ్నం పూట గుర్రుపెట్టి నిద్రపోతుంది. తీసుకురండి.”

“ధూమ్రజటి జోస్యపు శిరస్సునా?” అన్నాడు యువరాజు.

“వాడు నా ఏడాది దొంగిలించాడు. నేను వాడి తలకాయ దొంగిలిస్తే తప్పా? కానీ ఒకటి గుర్తుంచుకోండి. అది అడిగినవాళ్ళకి అడిగినదల్లా చెబుతుంది. అబద్ధం మాత్రం చచ్చినా చెప్పదు.”

గోడ మలుపులో కావలివాడి బల్లెం మెరిసింది. ఇక ఆలోచించడానికి వ్యవధి లేదు. కీర్తిధ్వజుడు శిరస్సును పైపంచెలో చుట్టి ఎత్తాడు. అది నిద్రలో చప్పరించింది గాని కళ్ళు తెరవలేదు. పలక జరిపి తల్లి పక్కన పడుకోబెట్టాడు. మాచక్క మళ్ళీ పట్టుకర్రలు లేపి చూసి, తల ఊపి, బండి లాగింది.

తోట గట్టు దగ్గర యువరాజు ఊపిరి బిగబట్టాడు. చక్రాలు గట్టెక్కాయి, దిగాయి. నేల ఒక్కసారి గుర్రుమంది. పాదం కోసం వెతికినట్టు గట్టు పొడవునా మట్టి పెళ్ళలు కదిలాయి. పాదం దొరకలేదు. మట్టి సద్దుమణిగింది.

సింహద్వారం దగ్గర త్రాసు నాయకుడు భద్రకుంభుడు గొడుగు కింద కూర్చుని చెరకుముక్క నములుతున్నాడు. గుండిగ లాంటి పొట్ట, పిల్లి లాంటి కళ్ళు.

“ఏమ్మా మాచక్కా, ఇవాళ తొందరగా తెమిలిందే!”

“ఎండ చూశావా, అయ్యా? మొక్కల కంటే ముందు నేనే వాడిపోయేలా ఉన్నాను.”

అతను నవ్వుతూ లేచి తొట్టిలో కర్ర పెట్టి నాలుగు మూలలా కదిపాడు. పొడి చప్పుడే వచ్చింది. సరేనని సైగ చేశాడు. బండి రాగి పళ్ళెం మీదికి ఎక్కింది. మాచక్కా, యువరాజూ దాని పక్కన నిలబడ్డారు. భటులు రెండో పళ్ళెంలో వాళ్ళ రాళ్ళు పేర్చారు. దండె కదిలింది. పైకి లేచింది, కిందికి దిగింది, ఊగి ఊగి నిలిచింది.

బండివైపు బెత్తెడు కిందికి ఒరిగే ఉంది. గడియ లేవలేదు.

భద్రకుంభుడు నమలడం ఆపేశాడు. “ఆరు రోజులు లేని బరువు ఇవాళ ఎక్కడిది?” అన్నాడు. భటుల చేతులు బల్లేల మీదికి పోయాయి. మూగ తమ్ముడి చెయ్యి మెల్లగా పట్టుకర్ర మీదికి పోయింది.

మాచక్క విసుగ్గా చక్రం వైపు చూపించింది. “ఎక్కడిదేమిటి? నీ తోట బురదే! కాలవ గండి పడి మోకాలి లోతు తొక్కించారు. మీ మట్టి మీకే ఇచ్చేస్తానుండు” అని కొంగు దోపి, చెక్కముక్కతో రెండు చక్రాలకీ అంటిన బురద చెక్కి పళ్ళెం బయటికి విసిరింది. ఒక ముద్ద. రెండు. ఐదు. దండె పిట్ట వాలిన కొమ్మలా వణికి, నిదానంగా లేచి, నిలబడింది. సమంగా.

ఖణేలుమని గడియ లేచింది. తలుపులు తెరుచుకున్నాయి. కొండగాలి ముఖాన కొట్టింది.

బండి గడప మీద ఉండగా తొట్టి కింద నుంచి బొంగురు గొంతు ఒకటి అడిగింది: “ఎవరది, నన్ను బోర్లా పడుకోబెట్టింది?”

భద్రకుంభుడు తల తిప్పాడు. “బండి మాట్లాడిందా?”

“మా తమ్ముడు” అంది మాచక్క, అడుగు ఆపకుండా.

“మూగవాడన్నావుగా!”

“ఇప్పుడే వచ్చింది మాట. మీ కోట మహిమ!”

యువరాజు గబగబా పెదవులు కదిపాడు. కానీ బొంగురు గొంతు ఊరుకోలేదు. “నేను ఎవరి తమ్ముణ్ణీ కాను. ధూమ్రజటి గారి కంచు శిరస్సుని. నా పక్కన మహారాణి పృథులాదేవి ఉంది. ఆమె మోచెయ్యి నా చెవిలో గుచ్చుకుంటోంది.”

“పరుగు!” అంది మాచక్క.

కోటలో నగారాలు మోగాయి. పులితలలన్నీ ఒక్కసారి గర్జించాయి. కొండ చుట్టూ మెలికలు తిరిగిన బండ్లబాటలో సగం దూరాన గుర్రపుశాల ఉంది. అక్కణ్ణుంచి రౌతులు అప్పుడే పైకి దూసుకొస్తున్నారు. రెండో దారి ఒకటే. కాలినడక వాళ్ళ కోసం కొండను తొలిచిన ఏడువందల మెట్లు, నిచ్చెన వేసినట్టు నిటారుగా.

“మెట్ల మీదా? బండితోనా?” అన్నాడు యువరాజు. ఏడు రోజుల తర్వాత అదే అతని మొదటి గట్టి మాట.

“అందానికి పెట్టానని అన్నానుగా, అవి ఎందుకో చూడండి!”

మాచక్క సుత్తితో రెండు దెబ్బలు కొట్టింది. ఇరుసు చీలలు ఎగిరిపడ్డాయి. పెద్ద పలకచక్రాలు రెండూ ఊడి, మెట్ల మీద దబ్‌దబ్‌మని గెంతుతూ కిందికి దొర్లాయి. మారేడు దళం చక్రాలు నేలకి ఆనాయి. కీర్తిధ్వజుడు వెనక తాడు పట్టుకుని వెల్లకిలా వాలాడు. బండి మొదటి మెట్టు దిగింది. గుత్తిలో ఒక చక్రం ఈ మెట్టు మీద ఉండగానే రెండోది కింది మెట్టు అందుకుంటోంది, అది నిలవగానే మూడోది పైనుంచి తిరిగి వస్తోంది. తొట్టి బోల్తా పడలేదు, ఆగలేదు. గొంగళిపురుగు ఆకు దిగినట్టు టకటకటకమని దిగిపోయింది.

“ఎదురుగా పన్నెండు మంది వస్తున్నారు” అంది లోపల నుంచి శిరస్సు.

“నోరు మూసుకో!” అంది మహారాణి.

“అడిగినందుకే చెప్పాను. ‘ఎవరైనా ఎదురొస్తున్నారా’ అని మీరే గొణిగారు.”

కింది కావలి నుంచి పన్నెండు మంది భటులు బల్లేలు చాపి మెట్లెక్కి వస్తున్నారు. కానీ వాళ్ళ కంటే ముందు వాళ్ళని చేరినవి పెద్ద పలకచక్రాలు. మొదటిది ఐదుగురిని ఎడాపెడా పొదల్లోకి నెట్టింది. రెండోది మిగిలినవాళ్ళ బల్లేలు విరిచేసి, నాయకుడి తలపాగాని తన అంచుకు తగిలించుకుని లోయలోకి దూకింది. నీళ్ళబండి వాళ్ళ మధ్యనుంచే దిగిపోయింది. దారిలో ఒక భటుడు లేచి తాడు పట్టుకోబోయాడు. యువరాజు అతణ్ణి మోకాలితో పక్కకి తోసి, “క్షమించవలెను” అన్నాడు అలవాటు కొద్దీ.

నాలుగువందల మెట్లు దిగేసరికి ఆకాశం మసిబారింది. కోటగోడ మీద ధూమ్రజటి నిలబడి ఉన్నాడు. తాటాకు లాంటి పొడుగాటి ఒళ్ళు. తల మీద వెంట్రుకలు లేవు. ఉన్నదంతా పొగ. పొగజడలు పాముల్లా మెలితిరిగి లేస్తున్నాయి. ఒక జడ పీకి విసిరాడు. అది కొండవాలు వెంట మహాసర్పమై పాకి, బండిని దాటి ముందుకు పోయి, కింది మెట్లను ఒక్కొక్కటే మింగడం మొదలుపెట్టింది. రాళ్ళు కరిగి ఆవిరయ్యాయి. మూడువందల మెట్లు ఉండాల్సిన చోట నున్నటి బండ, దాని కింద పాతాళం.

బండి ఆఖరి మెట్టున కీచుమంటూ ఆగింది. ఆ మెట్టు పక్కన చిన్న రాతి అరుగు. దాని మీద నుంచి కోటవాళ్ళు ధాన్యపు గంపలు లాక్కునే లావుపాటి నారతాడు ఒకటి లోయకు అడ్డంగా, కిందికి వాలుగా, ఎదుటి కొండకు పోతోంది. ఎదుటి కొండ మీద నుంచి జలపాతం తెల్లటి తెరలా జారుతోంది.

మాచక్క తాడును చేత్తో నొక్కి చూసింది. “నలుగురు మనుషుల బరువు ఆగుతుంది. నాకు వంద లెక్కపెట్టేంత వ్యవధి ఇప్పించండి, రాకుమారా!”

కీర్తిధ్వజుడు బండి పట్టుకర్ర ఒకటి ఊడబీకి చేతిలోకి తీసుకుని మెట్లకు అడ్డంగా నిలబడ్డాడు. పైనుంచి భటులు వచ్చి పడుతున్నారు. ఇరుకు మెట్లు గనక ఒక్కసారి ఇద్దరికి మించి రాలేరు. మొదటి ఇద్దరూ కర్ర దెబ్బకి మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళని తట్టుకుని ముగ్గురు పడ్డారు. ఒకడు డాలు అడ్డం పెట్టి తోసుకుంటూ వచ్చాడు. యువరాజు ఆ డాలు మీద కాలు వేసి ఎగిరి అతని వెనక దిగి, వీపున తన్నాడు. ఏడు రోజులుగా మూగబోయిన రాజఠీవి అంతా ఆ కర్రలోకి దిగింది. అటు మాచక్క ఒక గుత్తిలోంచి చిన్న చక్రం ఊడదీసి తాడు మీద వేసింది. చక్రం అంచున గాడి ఉంది. తాడు ఆ గాడిలో కూర్చుంది. తొట్టి నాలుగు మూలల ఇనప కడియాలకీ గొలుసు దూర్చి ఆ చక్రం ఇరుసుకు తగిలించింది.

“తొంభై ఎనిమిది!” అని అరిచింది. “దూకండి!”

యువరాజు కర్ర విసిరేసి బండి అంచు అందుకున్నాడు. మాచక్క తొట్టి అంచు ఎక్కి అరుగును కాలితో తన్నింది. నీళ్ళబండి నేల వదిలింది.

కింద ఏడు తాటిచెట్ల లోతున నది తెల్లటి దారప్పోగులా కనపడుతోంది. తాడు మీద చక్రం తేనెటీగల తుట్టెలా ఝుమ్మంది. మహారాణి తలపైని అడుగుపలక తోసేసి తొట్టిలోకి లేచింది. గాలికి జుట్టు చెదిరిపోతుంటే అక్కడే కూర్చుని, ఒళ్ళో కంచు శిరస్సుని పెట్టుకుని, పెద్దగా నవ్వింది. “ఏడాదైంది నాయనా, ఇంత గాలి పీల్చి!”

వెనక అరుగు మీదికి పొగసర్పం చేరింది. అది తాడును నోట కరిచి పట్టుకుంది. నార కాలుతున్న వాసన తాడు వెంబడే వచ్చి వాళ్ళని అందుకుంది.

“తాడు తెగుతుంది” అంది శిరస్సు. దాని గొంతులో కొంచెం విచారం కూడా ఉంది. “నేను చెప్పినది ఇంతవరకు తప్పలేదు.”

“ఎప్పుడు?” అన్నాడు యువరాజు.

“ఎప్పుడన్నది వదిలెయ్యండి” అంది మాచక్క. “ఏయ్ కంచుతాతా, ఎక్కడ తెగుతుంది? మన ముందా, వెనకా?”

“వెనక.”

“అయితే బాగానే ఉంది. గట్టిగా పట్టుకోండి!”

మాచక్క నడుముకు దోపుకున్న కొయ్యమేకు తీసి, చక్రానికీ తాడుకీ మధ్య పెట్టి, సుత్తితో బిగించి కొట్టింది. చక్రం కిర్రుమని ఆగి తాడును కరిచి పట్టుకుంది. మరుక్షణం వెనక తాడు ఫటేలుమంది. లోకం తలకిందులైంది. ఎదుటి కొండకు వేలాడుతున్న తాడు చివర, బండి పెద్ద ఊయలలా ఊగి, జలపాతం వైపు రివ్వున దూసుకుపోయింది. మహారాణి కళ్ళు మూసుకోలేదు. యువరాజు మూసుకున్నాడు. నీటితెర ఒంటి నిండా చరిచింది, చీలింది, వెనకబడింది.

బండి దేన్నో తాకి, ఎగిరి, మళ్ళీ తాకి, ఒక పక్కకి ఒరిగి నిలిచిపోయింది.

జలపాతం వెనక అదొక గుహ. కప్పు నుంచి వేలాడే స్ఫటికాల్లో నీటి వెలుగు ఆడుతూ గోడలన్నీ పచ్చగా మెరుస్తున్నాయి. నలుగురూ ఉన్నారు. శిరస్సు మీసం ఒకటి వంకరపోయింది తప్ప ఎవరికీ దెబ్బ లేదు.

మహారాణి తొట్టి అంచు పట్టుకుని కిందికి చూసింది. ఏడాదిగా ఆమె తన పాదానికే భయపడింది. ఇప్పుడు ఒక కాలు మెల్లగా దించి, బొటనవేలు రాతికి ఆనించి, కాసేపు ఆగింది. వేరు పుట్టలేదు. రెండో కాలూ దించి నిలబడింది. కొడుకు వంగి ఆ పాదాల మీద చెయ్యి పెట్టాడు.

“తొమ్మిది రోజులు వాడికి దొరక్కుండా ఉంటే చాలు” అంది ఆమె, అతన్ని లేపి కళ్ళు తుడుచుకుని. “ఎటు పోదాం, అమ్మాయ్?”

మాచక్క అప్పటికే గుహ లోపలికి నాలుగడుగులు నడిచి మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. అక్కడ తడిమట్టిలో రెండు చక్రాల గాడులున్నాయి. ఒక్కొక్క గాడిలో మనిషి అడ్డంగా పడుకోవచ్చు. రెంటి నడుమా, బండి తోసినవాడి అడుగులు. ఒక్కొక్క అడుగు వాళ్ళ నీళ్ళబండి కంటే పొడుగుంది. అంచుల్లో మట్టి ఇంకా ఆరలేదు. గుహ లోతు నుంచి, చాలా దూరాన, ఏదో బరువుగా కిర్రు... కిర్రు... మంటోంది.

కీర్తిధ్వజుడు మొలలోని బాకు తీశాడు. “రాక్షసుడు” అన్నాడు గొంతు తగ్గించి.

మాచక్క ఎడమ గాడిని జానతో కొలిచింది, కుడి గాడిని కొలిచింది, చెవి పెట్టి ఆ కిర్రుచప్పుడు విన్నది. ఆమె ముఖంలో పని దొరికిన మనిషి వెలుగు వచ్చింది.

“రాక్షసుడే కావచ్చు” అంది లేచి చేతులు దులుపుకుంటూ. “కానీ ఎడమ చక్రం ఈడుస్తోంది. ఇరుసు వంగింది. ఆ బండిని తోసేవాడికి నడుం నొప్పితో ప్రాణం పోతూ ఉంటుంది. ఆ బాకు లోపల పెట్టి, నా సుత్తి అందుకోండి, రాకుమారా. పలకరిద్దాం పదండి.”